చెమ్మ లేని గది

"పాలు విరిగాయేమో కాస్త చూడమ్మాయ్," అంటూ అత్తగారు గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టారు. నా చేతుల్లో పాప జడ ఉంది, పళ్ళ మధ్య రిబ్బను ఉంది. వాసన చూసి, బాగానే ఉన్నాయన్నట్టు తలూపాను. ఆవిడ మారుమాట లేకుండా వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టేశారు. నా ముక్కు మీద ఆవిడకి అంత నమ్మకం. ముందురోజే అదే ముక్కుతో అబద్ధం చెప్పి వచ్చాను.

మా ఇంట్లో నా ముక్కు అందరి ఉమ్మడి ఆస్తి. గ్యాసు లీకైనా, కూర పులిసినా, ఉతికిన చొక్కా సరిగ్గా ఆరకపోయినా నన్నే పిలుస్తారు. ఎన్ని అద్దె ఇళ్ళు మారామో, అన్నిట్లోనూ చెమ్మ గోడని మొదట కనిపెట్టింది నేనే. బీరువాలు ఇటు జరిపి, మంచాలు అటు లాగి, బూజు తుడిచింది కూడా నేనే. అందుకే ఇల్లు కొందామనుకోగానే మా ఆయన, "మా ఆవిడ ముక్కుండగా మనకి ఇంజనీరెందుకు?" అని అందరితోనూ అన్నాడు. నేనూ నవ్వాను. పొగడ్త అనే అనుకున్నాను.

ముందురోజు మేం ముగ్గురం చూడ్డానికెళ్ళిన ఇల్లు ఒక రిటైరైన నర్సుది. ఊళ్ళో అందరికీ ఆవిడ నర్సమ్మే. తన జీతంతో కట్టుకున్న చిన్న ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. హాలు, రెండు పడకగదులు, వంటగది చూశాక, మెట్ల వెనక ఇంకో గది తలుపు తీశారు. చిన్న గది. కిటికీకి ఎదురుగా ఒక కుర్చీ, అంతే. సున్నం, ఎండ, ఎప్పటిదో సబ్బు వాసన. వెళ్ళి ఆ కుర్చీ మీద చెయ్యి వేశాను. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మధ్యాహ్నం కళ్ళజోళ్ళ పెట్టెల వెనక స్టూలు మీద కూర్చుని అన్నం తినే ఆ కాసేపే నాదనుకుంటాను, అప్పుడూ ఓనరు రెండుసార్లు కేకేస్తాడు. ఈ కుర్చీలో కూర్చుంటే మాత్రం ఎవరూ కేకేసేలా లేరు.

"నా టేబులు ఇక్కడ సరిగ్గా పడుతుంది," అన్నాడు మా ఆయన వెనకనుంచి.

"టేబులు హాల్లో వేసుకోరా. పరుపులూ డబ్బాలూ నా నెత్తిన పెట్టుకోనా?" అన్నారు అత్తగారు.

ఇద్దరూ వాదించుకుంటున్నారు. నావైపు ఎవరూ చూడలేదు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, నాకొక గది అన్న ఆలోచన వాళ్ళకి రానే రాదు. ఒక అద్దె ఇంట్లో వరండా మూల నాకు వదలమని అడిగితే, "మూలెందుకు, ఇల్లంతా నీదేగా," అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా. ఇప్పుడు 'ఈ గది నాకు కావాలి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిస్తే, "ఇక్కడ చెమ్మ వాసనొస్తోంది," అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే గుమ్మం దాటి బయటికెళ్ళిపోయారు.

నేను ముందే ఆలోచించి చెప్పింది కాదు. కానీ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. నాకు ఏదైనా కావాలంటే ముందు దాన్ని ఎవరికీ అక్కర్లేనిదిగా చేయాలి. మాడిన అట్టు, అంచు చిరిగిన దుప్పటి, ఫ్యాను గాలి తగలని వైపు. అవి ఎవరూ అడగరు. ఆ దారిలోనే గదిని కూడా సంపాదించుకోవచ్చని నా లోపలి మనిషెవరో లెక్క వేసుకుంది. దానివల్ల ఇంకెవరికైనా దెబ్బ తగులుతుందేమోనని అది చూసుకోలేదు.

అత్తగారి పాల గిన్నె వాసన చూసిన రోజు సాయంత్రమే బేరానికి వెళ్ళాం, ఆయనా నేనూ. నర్సమ్మ మంచినీళ్ళు ఇచ్చి కూర్చున్నారు. ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. "చెమ్మ ఉన్న ఇంటికి ఆ ధర ఎక్కువమ్మా."

"ఎంత వాన పడినా నా గోడ తడవలేదు నాయనా."

"మా ఆవిడ ముక్కు అబద్ధం చెప్పదు. చిన్న ఊరు కదమ్మా, ఇలాంటి మాట దాగుతుందా? రేపు ఇంకెవరైనా కొనడానికొచ్చినా అడుగుతారు."

ఆయన బెదిరిస్తున్నాడని ఆయనకే తెలియదేమో. నర్సమ్మ లేచారు. "ఎక్కడో చూపించమ్మా," అన్నారు నాతో.

చిన్న గదిలో ఆవిడ కుర్చీ జరిపి, గోడకి చెంప ఆనించారు. జ్వరం చూసే మనిషి లాగా కాసేపు అలాగే ఉన్నారు. నేను నేలవైపు చూస్తున్నాను.

"ఆస్పత్రి మందుల్లో బతికి బతికి నాకు వాసనలు సరిగ్గా తెలియవు. నువ్వు చెప్పావంటే ఉండే ఉంటుంది," అన్నారు చివరికి. "ఇన్నాళ్ళూ చెమ్మలో కూర్చున్నానన్న మాట."

ఆవిడ చెంపకి అంటిన సున్నం తుడుచుకున్నారు.

"ఈ గది ఎవరికమ్మా అని మేస్త్రీ అడిగాడు అప్పట్లో. డ్యూటీ దిగొచ్చి ఊరికే కూర్చోడానికి అని చెప్పడానికి సిగ్గేసింది. సామాన్లకి అన్నాను." నవ్వి, అరచేత్తో గోడ నిమిరారు. ఇంతకుముందులా కాదు, ఏదో జబ్బున్నదాన్ని తాకినట్టు.

ఆ గోడని ఆవిడ నుంచి లాగేసుకున్నది నేను. ధర తగ్గించడం కంటే అదే పెద్ద దొంగతనం.

"చెమ్మ లేదండీ," అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ ఆయన, "నిన్న నువ్వే కదా..." అన్నాడు.

"నిన్నా లేదు. ఈ గది నాకు కావాలని అడగలేక అలా అన్నాను."

నర్సమ్మ నావైపు చూశారు. క్షమించినట్టు అనిపించలేదు, అనిపించాలని నేనూ కోరుకోలేదు. కుర్చీని మళ్ళీ కిటికీకి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. "బేరం ఉంటే ముందు చెప్పిన ధరకే," అన్నారు బయటికి చూస్తూ.

వీధిలోకి వచ్చాక ఆయన స్కూటర్ స్టార్ట్ చేయకుండా నిలబడ్డాడు. ముఖం ఎర్రబడి ఉంది. "పెద్దావిడ ముందు నా పరువు తీశావు," అన్నాడు. అది నిజమే, ఆ తప్పూ నాదే. తర్వాత గొంతు తగ్గించి, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "అయినా నీకు వేరే గది ఎందుకు? ఇల్లంతా నీదేగా."

"ఇల్లంతా నాకు వద్దు," అన్నాను. "ఆ గది చాలు."