అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో

వీధి తవ్వి పదకొండు నెలలైంది. మురుగుకాలువ కడతామని నడుం లోతు గుంట తీసినవాళ్ళు, ఆ మట్టిని మాత్రం ఎంతో శ్రద్ధగా గేట్లకి అడ్డంగా పోసి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ ఎవరి గుంటకి వాళ్ళే చెక్క వేసుకుని, సర్కసు వాళ్ళలా దాటుతున్నారు.

మధ్య ఇంట్లో మాత్రం సర్కసు కుదరదు. అత్తగారికి తొడ ఎముక విరిగి నాలుగు నెలలైంది. "చదునైన నేల మీద రోజూ నడిపించండి. రెండు నెలల్లో నడక రాకపోతే ఇక కుర్చీయే గతి" అన్నాడు డాక్టరు. ఆ మాట వినడానికి కూడా ఆవిడని నలుగురు కుర్చీతో సహా ఎత్తి గుంట దాటించాల్సి వచ్చింది. ఇంటికి రాగానే ఆవిడ కోడలికి తేల్చి చెప్పేసింది.

"నలుగురు మోసే రోజుకి ఇంకా టైముందమ్మాయ్. ఈలోగా రిహార్సల్సు వద్దు."

ఇంట్లో నడిపిద్దామంటే వంటింటి నుంచి వీధి తలుపుకి పదహారు అడుగులు. కాలు సాగేలోపు గోడ వచ్చేస్తుంది. కోడలు చీర మార్చుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది.

"పనేం ఆగలేదమ్మా," అన్నాడు గుమాస్తా. "గుంట వాలు సరిగ్గా ఉందని లెవెల్ రిపోర్టు రావాలి, అంతే. అదొస్తే అడుగున కాంక్రీటు, పైన పలకలు, చకచకా అయిపోతాయి."

"లెవెల్ ఎప్పుడు తీస్తారు?"

"మిషను రిపేర్లో ఉంది."

"రిపేరు ఎప్పుడవుతుంది?"

"చేసేవాడు సెలవులో ఉన్నాడు."

"ఎప్పుడొస్తాడు?"

గుమాస్తా జాలిగా చూశాడు. "మీరు మరీ లోతుకి వెళ్తున్నారమ్మా."

"మా గుంటంత కాదులెండి."

లేవబోతూ ఆమె గోడకున్న కాగితాలు చూసింది. అన్నిటి చివరా ఒకటే వాక్యం: అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలుపగలరు, లేనిచో అంగీకరించినట్లు భావించబడును.

"ఎవరైనా తెలుపుతారాండీ?"

"ఇరవై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. ఎనిమిదో రోజు కాగితం దానంతటదే పైకి వెళ్ళిపోతుంది. ఎవరి కాగితమైనా సరే."

కోడలు తాపీమేస్త్రి కూతురు. డిగ్రీ కాలేజీలో సంపాదించింది గానీ, నీళ్ళు అబద్ధమాడవని నేర్పింది మాత్రం నాన్నే. శనివారం పొద్దున్నే యాభై మీటర్ల పారదర్శకపు గొట్టం తెచ్చి, బుడగ లేకుండా నీళ్ళు నింపింది. ఒక కొసని గేటు స్తంభానికి ఆనించి అత్తగారి చేతికిచ్చింది. రెండో కొస పట్టుకుని, అదే వీధిలో బట్టలు కుట్టే కొట్టున్న టైలరమ్మ వీధంతా తిరిగింది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి కాబట్టి, నిలిచిన చోటల్లా టైలరమ్మ సుద్దతో గీత పెట్టింది.

"అత్తయ్యా, కదలకండి!"

"కదలగలిగితే ఈ గొట్టం పట్టుకుని ఎందుకు కూర్చుంటానమ్మాయ్?"

పదకొండు గోడల మీద పదకొండు గీతలు పడ్డాయి. గీత నుంచి గుంట అడుగు వరకూ టేపు దింపి చూస్తే, వాలు పెద్దకాలువ వైపు బాగానే ఉంది. టైలరమ్మ కొట్టు ముందు మాత్రం గుంట అడుగుభాగం జానెడు ఎత్తుగా ఉంది.

"నా కొట్టు ముందే ఎందుకు?"

"తవ్వేవాళ్ళకి నువ్వు టీ ఇచ్చావు కదా. అక్కడే ఆగిపోయారు," అంది కోడలు.

ఆ రాత్రే ఆమె కొలతలన్నీ పట్టికగా రాసి, ఆఫీసు భాషలోనే కింద ఆ అభ్యంతరాల వాక్యం చేర్చి, తన సంతకం చేసింది. సోమవారం గుమాస్తా తల ఎత్తకుండానే స్టాంపు వేసి తీసుకున్నాడు.

తొమ్మిదో రోజున ఇంజినీరు చెక్క మీద తూలుతూ వచ్చాడు.

"ఈ లెవెల్సు ఎవరు తీశారండీ?"

"మేమే. ఏడు రోజులు టైమిచ్చాం కదా."

"అభ్యంతరం లేదని ఫైలు పైకి వెళ్ళిపోయింది! పై ఆఫీసరు కాంక్రీటుకి సోమవారం తేదీ కూడా వేసేశారు. తప్పయితే నా గతేంటి?"

"ఇప్పుడే సరిచూసుకోండి. మీ మిషను సెలవులో ఉందేమో గానీ, మాది పనిలోనే ఉంది."

అత్తగారు మళ్ళీ స్తంభం దగ్గర కొస పట్టుకుని కూర్చుంది. ఇంజినీరు చొక్కా చేతులు మడిచి, పదకొండు గోడల దగ్గరా గీతలు సరిచూశాడు. ఒక్కటీ తప్పలేదు. టైలరమ్మ కొట్టు ముందు రెండుసార్లు కొలిచి, నుదురు తుడుచుకున్నాడు.

"జానెడే," అన్నాడు మెల్లగా.

"జానెడేనండీ," అంది కోడలు. "ఆదివారం తవ్వించేయండి."

తవ్వించాడు. సోమవారం కాంక్రీటు పడింది. అది గట్టిపడ్డాక, మూడో వారంలో, గుంట మీద పలకలు వరసగా వచ్చి కూర్చున్నాయి. అత్తగారు వాటి మీద నడవడానికి బయల్దేరిన మొదటి రోజు ఇంజినీరు కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఫొటోకి ఒక్క క్షణం ఆగండి."

"ఆగే పనులన్నీ మీ ఆఫీసులో చేసుకో నాయనా," అని అత్తగారు కర్ర ముందుకి వేసింది.

కోడలు చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ అప్పటికే పక్కింటి గేటు దాటుతోంది.