బస్టాపులో వెచ్చటి బల్ల

అట్టపెట్టె అడుగున అంటించిన టేపును మల్సున్ బొటనవేలి గోటితో లేపి ఒక్క లాగు లాగింది. పెట్టె రెక్కలు విప్పుకుని పడింది. దాన్ని కాలితో అణగదొక్కి తోపుడుబండి మీద పరిచింది. ఆ గోరు పారలా వెడల్పుగా, పసుపుపచ్చగా ఉంటుంది. తక్కిన గోళ్లు మాత్రం ఇంకా ఆడపిల్ల గోళ్లే. ఆ వేళ్లతోనే ఒకప్పుడు విగ్గుల ఫ్యాక్టరీలో వెంట్రుక వెంట్రుకా కుట్టింది. ఆ విగ్గులు ఓడలెక్కి పోయాకే దేశం బాగుపడిందని టీవీలో చెప్పినప్పుడు, "అవునా, మాతో ఒక్క మాటైనా అనలేదే" అని నవ్వుకుంది.

నడుము వంగి వంగి, ఆమె చూపు ఇప్పుడు ఎదుటివాళ్ల మోకాళ్ల దగ్గరే ఆగుతోంది. మనుషుల్ని చెప్పులను బట్టి గుర్తుపడుతుంది. సియోల్‌లోని ఈ ఎగుడుదిగుడు వీధి చుట్టూ మేడలు ఎంత ఎత్తు లేచాయో ఆమెకు తెలిసింది నీడలు సాగబట్టే.

పళ్ల కొట్టు ప్యో తన ఖాళీ పెట్టెలను ఆమెకోసమే ఉంచుతాడు. పళ్ల పెట్టెలంటే మందం, బరువు. చలికాలం ఆమె గదిలో బొగ్గు రాజేది వాటిని తూకానికి అమ్మిన డబ్బుతోనే. షరతు ఒకటే: అతను కొట్టు ముందు ఊడ్చేలోగా రావాలి. దాటిందా, ఎవరు ముందొస్తే వాళ్లవి. నెల రోజులుగా ఎదురుగట్టు మీద దొక్సిమ్ అనే ఆవిడ ఆ చీపురు కేసే చూస్తూ నిలబడుతోంది.

ఈవేళ వాలు మీద మంచు గడ్డకట్టింది. బండి రెండుసార్లు జారింది. మల్సున్ చేరేసరికి కొట్టు ముందు నేల శుభ్రంగా ఉంది.

పెట్టెలు మాత్రం అక్కడే ఉన్నాయి. వాటి మీద కూర్చున్న మనిషి కాళ్లకు ఎర్రటి పిల్లల బూట్లు వేలాడుతున్నాయి. దొక్సిమ్.

"వచ్చావా అక్కా. పోయావేమో అనుకున్నా."

"పోతే ముందు నీకే కబురంపుతాలే. దిగు."

"ఊడ్చేశాడుగా. ఇవిప్పుడు నావి."

"మరి పట్టుకుపోక, పెట్ట పొదిగినట్టు కూర్చున్నావేం?"

దొక్సిమ్ కిందికి దిగి బట్టలు దులుపుకుంది. "ట్రక్కువాడొకడు ఎత్తుకుపోబోయాడు. చీపురు తిరగేశాను. తర్వాత... నువ్వు ఆ మలుపులో జారుతూ కనిపించావు."

మల్సున్ కాసేపు ఆ ఎర్ర బూట్లనే చూసింది. "పేదల భత్యం సంగతి సర్కారు ఆఫీసులో ఏమన్నారే?"

"కాగితాల్లో నాకో అల్లుడున్నాడట. అతనున్నంత కాలం నేను పేదదాన్ని కాదట."

"అదృష్టవంతురాలివి. నాకు కాగితంలోనూ ఎవరూ లేరు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమై, మల్సున్ బండి పట్టుకుని నిలబడింది. తర్వాత పెట్టెలను రెండు కుప్పలుగా వేసి, పెద్ద కుప్పను దొక్సిమ్ వైపు తోసి, కొట్లోకి కేకేసింది.

"ప్యో బాబూ, రేపట్నించి ఇవి మా ఇద్దరివీ. ఒకరు రాకపోతే రెండోదానికివ్వు."

"మీరు జుట్లు పట్టుకోకుంటే అదే పదివేలు మామ్మా."

"నువ్వు తూకానికి వేసి రావే," అంది మల్సున్ దొక్సిమ్‌తో. "నాది తర్వాత వేస్తా. బస్టాపులో బల్ల వెచ్చగా ఉంటుంది. నీకు చోటు పట్టి ఉంచుతా."

"బస్సెక్కకుండా కూర్చుంటే తిట్టరూ?"

"డ్రైవర్లకి నేను తెలుసు. చెయ్యూపితే వెళ్లిపోతారు."

నగరపాలికవాళ్లు చలికాలమంతా ఆ బల్లను కరెంటుతో వెచ్చగా ఉంచుతారు. మల్సున్ కూర్చోగానే వేడి తుంటి ఎముకల్లోకి, అక్కణ్ణుంచి వెన్నులోకి పాకింది. ఎడమచేతి తొడుగు తీసి పక్కన పెట్టింది. కాలేజీ పిల్లొకతె కూర్చోబోతే, "అక్కడ మా చెల్లెలు కూర్చుంటుందమ్మా" అంది. అన్నాక ఆ మాట ఆమెకే కొత్తగా, బాగుందనిపించింది.

బస్సొచ్చింది. చెయ్యూపింది. మరొకటొచ్చింది. చెయ్యి సగం వరకే లేచింది.

ఆ తర్వాతి బస్సుకు ఊపలేదు. డ్రైవరు తలుపు తెరిచి చూశాడు. ఆమె సంగతి తెలిసినవాడు కనుక, తనే చెయ్యూపి తలుపు మూసుకున్నాడు. వెనక వచ్చినవాడూ అంతే.

దొక్సిమ్ వచ్చేసరికి మల్సున్ గడ్డం రొమ్ము మీద ఆనించి ఉంది. భుజం తాకితే వెచ్చగానే తగిలింది. లేపబుద్ధి కాక పక్కనే చాలాసేపు నిలబడింది. చివరికి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

తెల్ల అంబులెన్సు వచ్చి మల్సున్‌ను తీసుకెళ్లింది. బల్ల మీద ఖాళీ ఉన్నా దొక్సిమ్ కూర్చోలేదు. బస్సుకోసం వచ్చినవాళ్లూ ఆ పక్కకు జరగలేదు. వేళ్ల కొసలు చిరిగిన ఊలు తొడుగు, ఎవరికోసమో చోటు కాస్తూ, వెచ్చటి బల్ల మీద అలాగే ఉంది.