ఈనాక్ ఆఖరి మధ్యాహ్నం

ఈనాక్ పోయిన మధ్యాహ్నం అతని పాదాలు చెల్లెలి ఒడిలో ఉన్నాయి. చలేస్తోందన్నాడు. హెస్టర్ ఉన్ని మేజోళ్ళు తొడిగింది. చాలలేదు. మంచం చివర కూర్చుని ఆ రెండు పాదాలనూ తన శాలువాలోకి లాక్కుంది.

"భయమేస్తోందే" అన్నాడు.

ఇన్నేళ్ళుగా బడిలో పిల్లలకు మాటలు నేర్పిన హెస్టర్ ఆ పాదాలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఆ తర్వాత మాట లేదు. కాసేపటికి ఊపిరీ లేదు. గదిలో వాళ్ళిద్దరే.

ఈనాక్ సున్నపురాయి గనిలో మేస్త్రీ. రాళ్ళలో దొరికిన గవ్వలూ చేప ముళ్ళూ జేబులో వేసుకొచ్చి ఆదివారం సాయంత్రాలు కార్మికుల హాలులో చూపించేవాడు. ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదనీ, ఇది బైబిల్లో రాసినట్టు ఆరు రోజుల్లో అయ్యే పని కాదనీ చెప్పేవాడు. క్రాగ్‌లీలో సగం ఊరు వినడానికి వచ్చేది, మిగతా సగం వాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించేది. అలాంటివాడు ఎలా చస్తాడో చూడాలని ఊరంతా కాచుక్కూర్చుందని హెస్టర్‌కు అప్పటికి తెలియదు.

అందరికంటే ముందు కార్మికుల హాలు కార్యదర్శి, గడియారాలు బాగుచేసే జేబెజ్ థార్న్ వచ్చాడు. వెంట ప్లాస్టర్ కలిపే మనిషి.

"ఒక్క పావుగంట చెల్లెమ్మా. దేవుణ్ణి నమ్మనివాళ్ళు పోయేటప్పుడు పెడబొబ్బలు పెడతారని చర్చివాళ్ళు ఊదరగొడుతున్నారు. ప్రశాంతంగా ఉన్న ఈ ముఖానికి ప్లాస్టర్ పూసి అచ్చు తీసి చూపిస్తే వాళ్ళ నోళ్ళు మూతబడతాయి."

ఏడ్చి ఏడ్చి ఉన్న హెస్టర్ తలూపింది. వాళ్ళు వెళ్ళాక తడిగుడ్డతో అన్న ముఖం తుడవబోయి ఆగిపోయింది. కనుబొమలు సగం ఊడిపోయి ఉన్నాయి. ముక్కు రంధ్రాల్లో తెల్లటి ముద్ద. దాన్ని తలపిన్నుతో కొంచెం కొంచెంగా తీసింది.

తర్వాతి వంతు చర్చి అయ్యగారు, రెవరెండ్ సెప్టిమస్ క్రేల్‌ది. సమాధి మీద మట్టి ఇంకా ఆరకముందే 'గనిలో దొరికిన ఆత్మ' అని చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఈనాక్ మంచం దిగి మోకరిల్లాడు. గవ్వలన్నీ కిటికీలోంచి విసిరేశాడు. అయ్యగారిని పిలవండని ఏడ్చాడు. బడి చర్చిదే కాబట్టి పుస్తకం పిల్లల చేతుల్లోకి నేరుగా వచ్చింది.

గని కూలీ కూతురు ఫీబీ లేచి పైకి చదువుతూ ఆగింది. "టీచరమ్మా, ఈనాక్ మామ కాళ్ళు వాచిపోయి లేవలేదు కదా? అమ్మ గంజి తెచ్చినప్పుడు నేనూ వచ్చాను."

"అవును, లేవలేదు."

"మరి మంచం దిగాడని రాశారే?"

"దేవుడే దింపుంటాడే, మొద్దూ!" అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. పిల్లలంతా గొల్లుమన్నారు.

నవ్వులు ఆగాక హెస్టర్ తన చేతిలోని పుస్తకం మూసింది. "పుస్తకాలు మూయండి. మా అన్న మంచం దిగలేదు. ఎవరినీ పిలవలేదు. ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే."

బడి వదిలే వేళకి అయ్యగారు వచ్చాడు.

"నేను అబద్ధం రాశానంటావా అమ్మాయ్?"

"మీరు మా గుమ్మం తొక్కలేదు, అయ్యగారూ."

"ఆత్మ సంగతి తెలియడానికి గుమ్మం తొక్కాలా? సరే, నువ్వే చెప్పు. భయపడ్డాడా, లేదా?"

ఆమె చూపు బల్ల మీది పుస్తకాల వైపు తిప్పుకుంది. ఆయన పెదాలు తడిగా మెరిశాయి.

"చూశావా! నేను రాసిందీ అదే. కాస్త నగిషీ చెక్కాను, అంతే. సోమవారం ఆ పాఠం నువ్వే పైకి చదివి వినిపించాలి. లేదంటే బడికి ఇంకో మనిషిని చూసుకుంటాం."

అన్న ముఖం అచ్చు ఇంటికి తెచ్చుకుందామని హెస్టర్ అటునుంచి అటే హాలుకు నడిచింది. అది నీలం గుడ్డ మీద ఉంది. వచ్చినవాళ్ళు తలా ఒకసారి దాని ముక్కు తడుముతున్నారు. కింద అట్టముక్క మీద 'నిర్భయంగా వెళ్ళాడు' అని రాసి ఉంది.

"బళ్ళో అయ్యగారిని భలే కడిగేశావట చెల్లెమ్మా!" జేబెజ్ ఎదురొచ్చాడు. "శనివారం సభలో ఆ ముక్కే చెప్పు. హాలు దద్దరిల్లిపోద్ది!"

"అది నాకిచ్చేయండి, జేబెజ్ గారూ."

"భలేదానివే! ఇప్పుడది అందరిదీ."

"కింద రాసింది నిజం కాదు. అన్నయ్య భయపడ్డాడు."

జేబెజ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట బయట అనకమ్మా, నీకు పుణ్యముంటుంది. ఆ సెప్టిమస్‌గాడికి పండగే."

"మనిషికి భయం వేయకూడదా?"

"వేయొచ్చు. మనకి పనికి రాదు, అంతే."

ఇందాక బడిలో విన్న అయ్యగారి గొంతే మళ్ళీ విన్నట్టనిపించింది ఆమెకు. చేయి చాచి అచ్చు కనుబొమలను తాకింది. ప్లాస్టర్‌లో నెరిసిన వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. వేలికి గుచ్చుకున్నాయి.

"మెల్లగా, అరిగిపోద్ది" అంటూ జేబెజ్ ఆమె చేతిని పక్కకు తీశాడు.

అతను పట్టుకున్న మణికట్టును ఇల్లు చేరేదాకా శాలువాకేసి తుడుచుకుంటూనే ఉంది.

శనివారం సభకు ఆమె వెళ్ళలేదు. సోమవారం పాఠం చదవలేదు, పిల్లల చేత ఎక్కాలు చెప్పించింది. ఆ వారంలోనే బడికి వేరే మనిషి వచ్చింది.

పాదాల సంగతి హెస్టర్ ఎవరికీ చెప్పలేదు. అచ్చు మాత్రం ఇంకా హాలులోనే ఉంది. ఈనాక్ కనుబొమల వెంట్రుకలు అందులోనే ఉన్నాయి. వాటిని ఆమె ఇంకా ఇంటికి తెచ్చుకోలేదు.