అర అక్షరం ఆగి

దుప్పటి కొసను చాచి పట్టుకుని, మడత పడకుండా వేడి రోలర్ల నోటికి అందించడం అనంతలక్ష్మి పని. అవతలి కొస మంగాదేవి పట్టుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి చేతులు వదలాలి. ఒకరు ముందు వదిలితే దుప్పటి వంకరగా లోపలికి పోయి, మూలలు నలిగి బయటికి వస్తుంది. ఆక్లండ్ హోటళ్ళలో ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు అవి. ఎంత ఉతికినా ఆవిరి తగిలేసరికి సెంటు వాసనో సిగరెట్టు వాసనో సన్నగా లేస్తుంది.

ఆమె పొడుగాటి, బక్కపల్చటి మనిషి. ముంజేతుల మీద రోలర్ అంచు కాల్చిన మచ్చలున్నాయి. పాతవి తెల్లబడ్డాయి, కొత్తవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. జుట్టును వలటోపీలోకి దోపుకున్నాక ముఖం మరీ చిన్నదైపోతుంది. ఈమధ్య బుగ్గలు కూడా లోపలికి పోయాయి.

"అక్కా, మళ్ళ ముందుగాల్నే ఇడిశినవ్," అంది మంగాదేవి.

"నిద్ర లేదే."

"బావకెట్లుంది?"

"నిన్నటిలాగే. నర్సు వచ్చి మందు పెంచి వెళ్ళింది."

"గా పాటల పని ఇంక బంద్ చెయ్యలేదా?"

"ఇవాళతో అయిపోవాలి. సాయంత్రం క్రెయిగ్ వచ్చి పట్టుకెళ్తాడు."

"ఆఁ, అయితది. నేనీ దేశమొచ్చినకాడ్నించి అయితనే ఉన్నది," అని మంగాదేవి నాలుక కరుచుకుంది. "నా నోరు మంచిది కాదక్కా. ఏమనుకోకు."

అనంతలక్ష్మి ఏమీ అనుకోలేదు. ఇంకో దుప్పటి అందుకుంది.

ఆమె భర్త రామమోహన్ కంప్యూటర్లు బాగుచేసేవాడు. పెళ్ళికి ముందు కొంతకాలం గోవాలో ఉద్యోగం చేశాడు. అక్కడ సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళు ఇసుకలో చిందులేసే సంగీతం అతణ్ణి పట్టుకుంది. అడుగున ఆగకుండా ఒకటే దెబ్బ, దాని మీద ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ పైకి పాకే రాగాలు. సైకెడెలిక్ ట్రాన్స్ అంటారని చెప్పి, పెళ్ళయిన కొత్తలో భార్యకు వినిపించాడు. "పిండి మిల్లు ఆడుతున్నట్టుందండీ," అంది ఆమె. అతను పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత మాత్రం హెడ్‌ఫోన్స్ లేకుండా ఎప్పుడూ పెట్టలేదు. ఆక్లండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ ఇంటికి వచ్చాక పాటలు వాయించే పాత కీబోర్డు ఒకటి కొన్నాడు. సాయంత్రాలు దాని ముందే గడిచిపోయేవి. ఆమెకు అతని వీపు, చెవుల మీది నల్లటి బుర్రలు, చప్పుడు లేకుండా కదిలే వేళ్ళు కనిపించేవి. ఇద్దరే ఉన్న ఇల్లు. అందులో సంగీతం ఉన్నట్టు పొరుగువాళ్ళకు కూడా తెలియదు.

కీబోర్డు అమ్మిన కొట్టువాడే క్రెయిగ్. వేసవిలో పొలాల్లో పెద్ద స్పీకర్లు నిలబెట్టి రాత్రంతా డాన్సులు జరిపిస్తాడు. ఇప్పుడందరూ రాగాలు మానేసి ఉత్త దెబ్బల మీద పడ్డారనీ, రామమోహన్‌ది పాతకాలపు బాణీ అనీ, అందుకే దాన్ని ఆల్బంగా తెస్తాననీ అన్నాడు. "పాతదే మరి. నేను కొత్తగా ఉన్నదెప్పుడు?" అన్నాడు రామమోహన్. అప్పటికే నవ్వితే నొప్పికి కడుపు పట్టుకోవలసి వచ్చేది.

పాటలన్నీ అయ్యాయి. చివరిది, తెల్లవారుజామున వేయవలసింది మాత్రం తెగలేదు. అందులో రాగం దెబ్బకు వెనకపడుతోందనీ, రికార్డులు కలిపి వాయించేవాళ్ళు తడబడతారనీ క్రెయిగ్ అన్నాడు. రామమోహన్ దాన్ని దిద్దాడు. దిద్దినప్పటి నుంచీ ఆ పాట అతనికే నచ్చడం లేదు. రేపు డిస్కు ఆస్ట్రేలియాలో ఆల్బంలు అచ్చువేసేవాళ్ళకు వెళ్ళకపోతే ఈ వేసవికి అచ్చయి రాదు. వచ్చే వేసవి మాట నర్సు ఎత్తలేదు. ఈ వేసవి మాట కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం అనంతలక్ష్మి బస్సు దిగి, ఎదురుగాలికి తల వంచుకుని ఇంటికి వచ్చింది. ముందుగదిలోనే మంచం, మంచానికి ఆనించి కంప్యూటర్ బల్ల. రామమోహన్ దిండ్లకు జారగిలబడి ఉన్నాడు. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. చేతులు పుల్లల్లా అయ్యాయి గానీ పాదాలు మాత్రం వాచి నున్నగా మెరుస్తున్నాయి.

"వచ్చావా? ఇలా కూర్చో. ఒకటి వినాలి," అన్నాడు.

"ఏమన్నా తాగారా?"

"తర్వాత. ముందు విను."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. తెలిసిన రాగమే. పిల్లలకు మొట్టమొదట నేర్పే మాయామాళవగౌళ. ఆమె చెవుల మీంచి బుర్రలు తీసేసింది.

"ఇది నా క్లాసులోది కదండీ!"

"మరి? గరాజులో నువ్వు పాఠం చెప్తుంటే గోడకివతల ఉన్నది ఎవరు?"

కాకినాడలో సంగీతం చెప్పినట్టే ఇక్కడా గరాజులో చాపలు పరిచి కొన్నాళ్ళు చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే ఈతకూ, నెట్‌బాల్‌కూ వెళ్ళిపోయారు. లాండ్రీ ఆవిరికి ఆమె గొంతు కూడా బొంగురుపోయింది. ఆ రోజుల్లో గోడకివతల ఎవరైనా వింటున్నారని ఆమె అనుకోలేదు.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

"పిల్లల అమ్మలకి చెప్పినట్టు చెప్పకు."

మళ్ళీ పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అరచెయ్యి తనంతట తానే తొడ మీద తాళం వేసింది.

"కుర్చీలో కట్టేసి కూర్చోబెట్టినట్టుంది," అంది చివరికి. "ఎత్తుకోవడమే దెబ్బ మీద ఎత్తుకుంటోంది. ఊపిరి పీల్చుకోడానికి చోటేది? ముందు తాళం పడాలి. అర అక్షరం ఆగాలి. అప్పుడు ఎత్తుకోవాలి."

వాళ్ళ ఊళ్ళో పాడేవాళ్ళెవరైనా అదే మాట అంటారు. సగం కీర్తనలు అలాగే మొదలవుతాయి. చెయ్యి కిందికి పడుతుంది, గొంతు దాని వెనక నుంచి లేస్తుంది. అరదెబ్బంత ఆ ఖాళీని ఎవరూ ఆలస్యం అనరు.

"మొదట అలాగే పెట్టాను. క్రెయిగ్ తప్పన్నాడు."

"పాపం, అతనికి తప్పులానే ఉంటుంది."

"వాయించేవాళ్ళు తడబడతారట."

"తడబడనివ్వండి. అప్పుడైనా సరిగ్గా వింటారు."

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"నాకూ తెలుసు. నీ నోట వినాలనిపించింది. ఇక మార్చు. నా చెయ్యి ఆడటం లేదు."

"నాకేం తెలుసండీ ఇది?"

"మౌస్ పట్టుకో. తెర మీద ఆ పచ్చముక్కే రాగం. కొంచెం కుడికి జరుపు."

జరిపింది. వదలగానే ముక్క ఎగిరి మళ్ళీ దెబ్బ పడే గీత మీదే కూర్చుంది. మళ్ళీ జరిపింది. మళ్ళీ అంతే.

"దీనికెంత మొండితనమండీ! మీ అక్కయ్యలాగా."

"మా అక్కయ్యని అనకు. పైన చిన్న గుర్తుంది చూడు, దాన్ని ఆపెయ్. అప్పుడు ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది."

ఆపింది. ముక్క గీత దాటి, ఆమె వదిలిన చోట నిలిచింది. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ జరుపుతూ పోయింది. కళ్ళు మండాయి, నడుం లాగింది. మధ్యలో అతను మగతలోకి జారి, లేచి, "ఎంతవరకొచ్చావు?" అని అడుగుతూనే ఉన్నాడు.

"అయింది," అంది.

"హెడ్‌ఫోన్స్ తీగ పీకెయ్. స్పీకర్లలో పెట్టు."

"పక్కవాళ్ళు..."

"ఇవాళ విననీ."

మొదటిసారి ఆ ఇంట్లో అది పైకి మోగింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. దెబ్బ పడుతోంది, రాగం క్షణం ఆగి లేస్తోంది. అతని వేళ్ళు దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. ఆమె ఆ వేళ్ళనే చూస్తూ బొంగురు గొంతుతో స్వరం కలిపింది. పైస్థాయికి వెళ్ళలేక ఆగిపోయింది. యంత్రం వెళ్ళింది.

"మిల్లేనా?" అన్నాడు పాట అయ్యాక.

"మిల్లే. మన మిల్లు," అంది.

అతను చెప్పినట్టు డ్రైవులో ఖాళీ డిస్కు పెట్టి, పాటలన్నీ దానిలోకి ఎక్కించమని నొక్కింది. కొంతసేపు పడుతుందన్నాడు.

"చారు తాగాలనుంది, అనంతా. పల్చగా. ఇంగువ కొంచెం ఎక్కువ వెయ్యి."

అతను ఏదైనా కావాలని అడిగి చాలా రోజులైంది. ఆమె లేచిన తొందరకు కుర్చీ పక్కకు తిరిగిపోయింది.

"తలుపు తీసే ఉంచు. పోపు వాసన రావాలి."

టమాటా చిదిమింది, చింతపండు పిసికింది. చారు పొంగుకొచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. పోపు చిటపటలాడుతుంటే, "వాసన వస్తోందాండీ?" అని కేకేసింది. సమాధానం రాలేదు. మళ్ళీ మగత కమ్మిందనుకుంది. చారు గ్లాసులో పోసి, వేడి తగ్గాలని రెండు గ్లాసుల మధ్య తిరగబోస్తూ గదిలోకి వచ్చింది.

అతని తల కిటికీ వైపు ఒరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. వేళ్ళు దుప్పటి మీద ఉన్నాయి.

"ఏమండీ," అంది. గ్లాసులు బల్ల మీద పెట్టి భుజం తట్టింది. "ఏమండీ." ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, తన ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. దుప్పటి మడత అతని ఛాతీ మీద సరిచేసింది.

వాకిట్లో క్రెయిగ్ వ్యాన్ వచ్చి ఆగింది. ఇంజను ఆగాక అతను బూట్లు విప్పుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె లేవలేదు. బల్ల మీద కంప్యూటర్ సన్నగా గుర్రుమని, ఆగి, డ్రైవు అర దానంతటదే బయటికి జరిగింది. ఆమె చెయ్యి చాచి, దానిలోని డిస్కును ఒక్క వేలితో తాకింది. డిస్కు వెచ్చగా ఉంది.