ఏ చెంచా తిన్నాదో

"ఒలే కూర్మమ్మా! సదువుకున్నోళ్ళు వస్తన్నారు. వాకిలి అలా ఉంటే ఏటనుకుంటారు? బేగి అలికీ!"

అత్త లక్ష్మణమ్మ అలా కేకేసిన రోజు కూర్మమ్మ నడుం వంచి అలికింది. కొండ కింద లోతుగా తవ్వి తెచ్చుకున్న ఎర్రమట్టిలో పేడ కలిపి, గుమ్మం నుంచి వీధి దాకా అరచేత్తో దట్టంగా పూసింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాకిలి అలకాలి, అది ఆడదాని పని. వచ్చేవాళ్ళు మట్టి కోసమే వస్తున్నారన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

పక్క ఊళ్ళో అణు కరెంటు కేంద్రం కడతారన్న మాట పుట్టినప్పటి నుంచి కూర్మమ్మకు కునుకు లేదు. అది కట్టకముందు ఇక్కడి మట్టి ఎలా ఉందో చూసి పెట్టుకోవాలని కాలేజీ నుంచి హైమ అనే మేడమ్ వచ్చింది. వాకిట్లో రెండు చోట్ల, పెరట్లో చూరు నీళ్ళు పడే ఒక చోట మట్టి తీసి సంచుల్లో కట్టింది. వెనకటి రోజుల్లో ఎక్కడో అణుబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు ప్లుటోనియం అనే విషపు దుమ్ము లేచిందట. గాలిలో తిరిగి తిరిగి వానతో లోకమంతా రాలిందట. ఇక్కడా రవ్వంత ఉంటుందట. హైమ చెప్పిన ఆ మాట వినగానే కూర్మమ్మ పెరట్లోకి పరిగెత్తింది.

ఆమె ఆరేళ్ళ కూతురు దుర్గ మట్టి తింటుంది.

కొట్టింది, చేతులు కట్టింది, నాలిక మీద వేపాకు రుద్దింది. అయినా చూరు కింద గోళ్ళతో గీరుకుని తింటూనే ఉంటుంది. మొగుడు రాముడితో చెప్తే వల బాగుచేసుకుంటూ నవ్వాడు. "ప్లుటోనియమట! పులుసులోన ఏసుకుంటారేటి అది?" అత్త నవ్వలేదు. "కడుపుతో ఉన్నప్పుడు తల్లి గోడలు గీరుకు తింటే గుంట తినదేటి?" అంది. నిజమే, తింది. తొలివాన పడ్డ గోడ వాసనకి నోరాగక తింది. ఆ రోజు నుంచి పిల్ల దగ్గితే భయం, దగ్గకుండా నిద్రపోతే భయం. పాడె మీద ఎంత చిన్న దుప్పటి కప్పుతారో కూడా ఒకసారి తలపులోకి వచ్చేసింది. చీ అని తన చెంప తనే వాయించుకుంది.

నెలలు గడిచాక హైమ మళ్ళీ వచ్చింది. వాకిట్లో తీసిన రెండింటిలో దాదాపు ఏమీ లేదంది. పెరటి మట్టిలో మాత్రం చాలా రెట్లు ఎక్కువంది. "అదీ భయపడేంత కాదమ్మా. కానీ ఒకే ఇంట్లో ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియడం లేదు."

"మా వాకిలి అద్దంలాగుంటాది మరి!" అని లక్ష్మణమ్మ మురిసిపోయింది.

కూర్మమ్మ అత్త వైపు చూడకుండా చెప్పేసింది. "మేడమ్, అది మా వాకిలి మట్టి కాదు. మీరొస్తన్నారని కొండమట్టి తెచ్చి అలికీసినాను."

"ఇంటి పరువు వీధిలో ఎట్టీసింది, మాయదారిది!" అని లక్ష్మణమ్మ విరుచుకుపడింది.

హైమ మాత్రం కోప్పడలేదు. "చెప్పి మేలు చేశావు. లోతు నుంచి తవ్విన మట్టికి ఆ దుమ్ము తగలదు. పైపొర తీసేసి మళ్ళీ తీస్తాను."

"ఈసారైనా ఒక్క లెక్క సెప్తారా?" అని అడిగింది కూర్మమ్మ.

"ఒక్క లెక్క అంటూ ఉండదమ్మా. ఇక్కడ చెంచాడు తీస్తే ఒకలా ఉంటుంది, జానెడు పక్కన తీస్తే ఇంకోలా ఉంటుంది. కంటికి కనపడని రేణువు ఒక్కటి చెంచాలో పడితే చాలు, లెక్క మారిపోతుంది."

"అయితే మా గుంట ఏ సెంచా తిన్నాదో నాకెలా తెలుస్తాది మేడమ్?" కూర్మమ్మ బావురుమంది.

హైమ చేతిలో సంచి పక్కన పెట్టింది. దుర్గని దగ్గరకు పిలిచి కింది రెప్ప లాగి చూసింది. లోపల సున్నం వేసినట్టుంది. "నేను డాక్టర్ని కాదు. కానీ నాకు మట్టిలో ఉన్నదాని కంటే ఈ పిల్లలో లేనిదే భయంగా ఉంది. రక్తం తక్కువైన పిల్లలు ఇలా మట్టి తింటారు. ఆస్పత్రిలో చూపించండి. ఏం పెడుతున్నారు దీనికి?"

"సేపల పులుసే మేడమ్, రోజూ..." అంటూనే ఆగిపోయింది.

పులుసే. ముక్కలు రాముడికి, మరిదికి. మిగిలితే అత్తకి. దుర్గ అన్నం మీద ఎర్రటి నీళ్ళు, తనకి దాక గీరిన అడుగు. ఒకటే దాక, జానెడేసి ఎడంలో కంచాలు. బాంబులు ఎవరు పేల్చారో కూర్మమ్మకి తెలియదు. ఈ గరిటె మాత్రం పెళ్ళైన రోజు నుంచీ తన చేతిలోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, రాముడు కాళ్ళు కడుక్కుంటుండగానే, ఆమె దుర్గ కంచంలో కానాగంత చేప నడిమి ముక్క వేసింది. తన కంచమూ పక్కనే పెట్టుకుని ఇంకో ముక్క వేసుకుంది.

"మగోడు తినకముందేనా? నీకేటైనా పట్టిందేటే?" అంది లక్ష్మణమ్మ.

"తిన్నాక దీన్ని ఆస్పత్రికి తీసుకెల్తన్నాను, అత్తా."

దుర్గ ముక్క వంక చూసింది, తండ్రి వంక చూసింది. రెండు వేళ్ళతో దాన్ని జాగ్రత్తగా ఎత్తి, ఖాళీగా ఉన్న తండ్రి కంచంలో పెట్టేసింది.

"పొరపాటున నాకు ఏసీసినావమ్మా," అంది.