ఉప్పు రవ్వంత కూడా లేదు

ఫ్లోరెన్స్ గొంతులో గడ్డ తీసేశాక, మిగిలిన కేన్సర్ కణాలు చావడానికి హైదరాబాద్ దవాఖానాలో రేడియో అయోడిన్ మింగించారు. కొన్నాళ్లు పాపను దగ్గరికి తీసుకోవద్దని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అది 2006 వానాకాలం.

బూర్గంపాడులో ఇంటి చివరి గది ఫ్లోరెన్స్‌ది అయింది. ఆరేళ్ల హెప్సిబా వాకిట్లోంచి "మమ్మీ" అని పిలిచినప్పుడల్లా ఆమె కిటికీ రెక్క మూసేసేది. బిడ్డను చూస్తే ఆగలేనని భయం.

ఒక సాయంత్రం మూసిన కిటికీ అవతల మాటలు వినిపించాయి.

"మమ్మీ లోపల మందు ఎంతుంది డాడీ? బకెట్ నిండానా?"

సుకుమార్ కొత్తగూడెంలో కెమిస్ట్రీ లెక్చరర్. చిటికెడు మెత్తటి ఉప్పు తెచ్చి పలక మీద పోసి, ఒక్క రవ్వను వేలికొసతో పక్కకు జరిపాడు.

"గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. దాంట్ల మళ్లా వెయ్యో వంతు మైక్రోగ్రాము. ఈ రవ్వ అరవై మైక్రోగ్రాములుంటదేమో. మమ్మీ మింగిన అయోడిన్ ఒక్క మైక్రోగ్రాము గూడ లేదు బిడ్డా."

"గింతేనా! గింతదానికే నన్ను రానియ్యదా?"

"గింతే అయినా కిరణాలు చిమ్ముతది. చిన్నోళ్లకు మంచిది కాదు. దీనికో తమ్ముడున్నడు, ఆస్టటిన్ అని. భూమంతా వెతికినా గుప్పెడు దొరకదు. కంటికి కనపడేంత ఒక్కచోట పోగైతే, దాని వేడికి అదే ఆవిరైపోతది."

హెప్సిబా పలక మీది రవ్వకేసి వంగి చూసింది.

"అంటే అది గూడ ఎవ్వరికీ మొఖం చూపియ్యదా, మమ్మీ లెక్క?"

లోపల ఫ్లోరెన్స్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ దూరంగా ఉండమంది గానీ, మొహం దాచుకోమనలేదు కదా!

కళ్లు తుడుచుకుని, కుర్చీ ఎత్తుకుని వెళ్లి పెరడు చివర వేసుకుంది.

"హెప్సీ, నువ్వు ఆ పెరటి గడప మీదనే కూచో. దాటి రావొద్దు. ఇయ్యాల బళ్లె ఏం చెప్పిండ్రో చెప్పు."

పాప చెప్పడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టేవేళ దాకా ఆపనేలేదు. దూరం వల్ల ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుతుంటే సుకుమార్ గోడకానుకుని నవ్వుకున్నాడు. రోజూ సాయంత్రం అదే వరస అయింది.

గడువు తీరిన ఉదయం హెప్సిబా దువ్వెనతో సహా వచ్చి తల్లి ఒళ్లో పడింది.

"డాడీ జడలు వంకర ఏస్తుండు మమ్మీ."

ఫ్లోరెన్స్ నెమ్మదిగా చిక్కు తీసి, జడ అల్లింది. చక్కగా కుదిరినా, బాగా రాలేదని చెప్పి విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది.