లేని కుక్కకు పేరుంది

కుక్కకు బన్నీ అని పేరు పెట్టింది, మా ఇంట్లో ఏనాడూ కుక్క లేదు, అటక మీద ఎండబెట్టిన కురిడీ కొబ్బరికాయల కోసం తిరిగే ఎలుకలు తప్ప వేరే జీవం లేదు, అయినా మా ఆవిడ వాణి రాసిన కథలో కుక్క ఉంది, వాకిట్లో పడుకుని తోక ఆడిస్తుంది, పాలు పోసే ఆవిడ అచ్చాయమ్మ, కాయలు దింపేవాడు చిట్టిబాబు, మాకు పాలు పోసేది అచ్చాయమ్మా కాదు, మా కాయలు దింపేది చిట్టిబాబూ కాదు, ఎక్కడి నుంచి తెచ్చిందో వీళ్ళందరినీ, సరే తెచ్చుకోనీ, ఒక్కొక్కరికీ బారసాల చేసినట్టు పేర్లు పెట్టింది, మొగుడికి మాత్రం పేరు లేదు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆయన, ఆయన, ఆయన కాఫీ తాగారు, ఆయన కొబ్బరి లారీ దగ్గరకు వెళ్ళారు, ఆయన చొక్కా రెండో గుండీ పెట్టుకోరు, గుండీ సంగతి రాయడానికి చోటుంది గానీ పేరుకు చోటు లేదట, ఇన్నేళ్ళు కాపురం చేసిన నేను ఆ కుక్కపాటి చెయ్యనా, అసలు అది నేనేనా, నేను కాకపోతే గుండీ ఎందుకు, నేనే అయితే పేరెందుకు లేదు.

గోదావరి దాటించే పంటు ఇంకా అవతల కోటిపల్లి రేవులోనే ఉంది, ఇక్కడ ముక్తేశ్వరం రేవులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, నిన్న కాకినాడలో ఆ కథ ఉన్న పుస్తకం ఆవిష్కరణ అయింది, వాణి రాత్రి రామచంద్రపురంలో తన చెల్లెలింట్లో పడుకుని పొద్దున్న బస్సుకు కోటిపల్లి వచ్చి పంటెక్కుతానంది, ఎక్కుతుందా, పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నాను, స్విచ్ఛాఫ్, ఒక్కరాత్రికి రెండు చీరలెందుకు తీసుకెళ్ళినట్టు, బీరువా తాళాలు ఫ్రిజ్ మీద పెట్టి మరీ చెప్పిందేమిటి, ఇవిగో తాళాలు ఇక్కడున్నాయండి అని, ఛార్జర్ చూస్తే వంటింటి ప్లగ్గుకే వేలాడుతోంది, అంటే ఫోన్ ఎవరూ చెయ్యకూడదనేనా, ఛ, ఏమిటీ ఆలోచనలు, ఆ పుస్తకం చదవకుండా ఉంటే నిన్న మధ్యాహ్నం కొబ్బరి షెడ్డులో హాయిగా ఓ కునుకు తీసేవాణ్ణి.

పదిహేను కొత్త లోకాలు, అదీ ఆ పుస్తకం పేరు, కొత్తగా రాస్తున్న వాళ్ళ సైన్సు కథలూ అద్భుత కథలూ ఏరి కూర్చిన సంకలనం, ఎవరో సూర్యతేజ అనే కుర్రాడు వరి కోసే మర మనిషికి జ్వరం వచ్చినట్టు రాశాడు, రేచల్ అనే అమ్మాయి అంతర్వేది సముద్రం కింద బడి పెట్టించింది, వాళ్ళు పిల్లలు, రాస్తారు, యాభై దాటిన మా ఆవిడ కొత్త రచయిత్రి ఏమిటి, ఏమిటే ఈ కథలు అనడిగితే, ఏవుందండీ, ఒకవేళ ఇలా అయితే అనుకుని రాసేవి, అంతే అంది, ఒకవేళ ఏమిటో, వ్యాపారంలో ఒకవేళ అన్నవాడు బాగుపడడు, ఆమె కథలో దుర్గాభవాని అనే ఆవిడ కురిడీ కాయలు ఎండాయో లేదో చూద్దామని అటకెక్కుతుంది, కాయల గుట్ట వెనక చిన్న తలుపు, అవతల ఇంకో ముక్తేశ్వరం, అదే గోదావరి, అవే తోటలు, కానీ అక్కడ ఆమె పెళ్ళి చేసుకోని మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, మధ్యాహ్నం లారీవాళ్ళతో సహా ఎవరికీ అన్నాలు వండక్కర్లేదు, ఇటువైపు ఆయన అరుస్తూనే ఉంటాడు, ఇదిగో, ఎక్కడున్నావ్, కళ్ళజోడేదీ అని, ఆమె తలుపు దాటి అటు వెళ్ళిపోతుంది, తలుపు దగ్గరగా వేసింది, గడియ మాత్రం పెట్టలేదు, అని ఆఖరి వాక్యం, ఇదేం ముగింపు, వస్తుందా రాదా చెప్పొద్దూ, కొన్నవాడికి సరుకు పూర్తిగా అప్పగించాలా వద్దా.

పైగా ఆ ముందుమాట, సంపాదకుడట, బాగా చదువుకున్న మనిషే అయ్యుంటాడు, ఈ కథలో భర్తకు పేరు లేకపోవడం యాదృచ్ఛికం కాదు, ఆమె కోరుకున్న లోకంలో అతనికి చోటు లేదని రచయిత్రి చెప్పకనే చెప్పింది అని రాశాడు, మూడుసార్లు చదివాను, చదువుకున్నవాడు ఊరికే రాయడు కదా, ఆమె చెబితేనే రాశాడేమో, అన్నిటికంటే బుద్ధి తక్కువ పని నాది, పుస్తకం వచ్చిన రోజు చదివారా అంది, ఆయ్, చదివేను అన్నాను, తెరిస్తే ఒట్టు, చివర ఎలా ఉందండీ అంది, చివరే చాలా బాగుందే అన్నాను, ఆమె నా మొహంలోకి అదోలా చూసి సరేలెండి అంది, అంటే మొగుడు స్వయంగా వెళ్ళు అన్నట్టే అయిందా, సభకు రమ్మంటే, నేనొచ్చి ఏం చేస్తానే, లోడు ఉంది, నువ్వు వెళ్ళిరా అన్నాను, దానికీ సరేలెండి అంది, ఆ రెండు సరేలెండీలూ ఒకటేనా వేర్వేరా, కాయ చెవి దగ్గర ఆడించి నీళ్ళింకాయో లేదో చెప్పేస్తాను గానీ ఈ సరేలెండి లోపల ఏముందో ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆగి విన్నానా.

పంటు కదిలింది, నీళ్ళ మధ్యకు వచ్చింది, మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు, పెళ్ళివారు, ఆకుపచ్చ చీర ఒకటి కనిపిస్తోంది, ఆమే, కాదు, ఆమె చీర అంచు ఎరుపు, రెండో చీర కట్టుకుందేమో, దగ్గరికొచ్చింది, కాదు, ఎవరో టీచరమ్మ, ఒడ్డుకు ఆనించి పంటు తలుపు రేకు దించారు, బళ్ళు దిగాయి, మనుషులు దిగారు, పెళ్ళివారూ దిగారు, పంటు ఖాళీ అయింది, వాణి లేదు, ఇంకోసారి చూశాను, లేదు, భయం అంటే ఇదే కాబోలు, కావ్యకు ఫోన్ చెయ్యాలా, చేసి ఏమని చెప్పను, మీ అమ్మ అటక తలుపులోంచి వెళ్ళిపోయిందమ్మా అని చెప్పనా, బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల నవ్వుతుందా ఏడుస్తుందా, చెల్లెలింటికి చేస్తే, అక్కయ్య పొద్దున్నే బయల్దేరిపోయిందండి బావగారూ అంటే అప్పుడేం చెయ్యను.

పంటు మీద పనిచేసే మనిషి ఒకతను ఒడ్డెక్కి అందరి మొహాలూ చూసుకుంటూ వస్తున్నాడు, కొత్త మనిషి, గంగరాజు అని ఎవరో పిలిచారు, ఒకాయన్ని అడిగాడు, ఆయన తల అడ్డంగా ఊపాడు, ఇంకొకాయన్ని అడిగాడు, చివరికి నా ముందు ఆగి పైనుంచి కిందకు చూశాడు, చొక్కా దగ్గర అతని చూపు ఆగింది, మీరేనాండీ కావ్యగారి నాన్నగారు అన్నాడు, ఆయ్ అన్నాను, అవతల రేవులో అమ్మగారున్నారండి, పుస్తకాల కట్ట ఆటోలో మర్చిపోయేరంట, ఆటో అతను వెనక్కి తెస్తున్నాడండి, ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందంట, తరవాత పంటుకి వస్తాను, కంగారు పడొద్దని చెప్పమన్నారండి, అమ్మయ్య, కట్ట, ఆటో, ఛార్జింగ్, ఇంత చిన్న సంగతా, కళ్ళు చెమర్చాయి, ఎండ వల్ల అనుకోమను, గంగరాజు నవ్వుతున్నాడు, మీ పేరేంటో చెబితే కేకేసి పిలుద్దును కదండీ, ఎంతడిగినా ఆవిడ చెప్పలేదండి, పొడుగ్గా ఉంటారు, బండి పక్కనే నిలబడతారు, ఎండ పడుతున్నా నీడలోకి జరగరు, చొక్కాకి రెండో గుండీ పెట్టుకోరు, మీరే పోల్చుకోండి అన్నారండి, భలేవారండి.

చూశాను, నేను బండి పక్కన ఎండలోనే ఉన్నాను, నీడ పక్కనే ఉంది, రెండో గుండీ పెట్టుకోనే లేదు, ఇవన్నీ ఆ ఒడ్డున నిలబడి చెప్పింది, పేరొక్కటే చెప్పలేదు, ఎప్పుడు చెప్పింది గనక, నాకు గుండెలో నొప్పి వచ్చినప్పుడు అమలాపురం ఆసుపత్రి కౌంటరు దగ్గర పేషెంటు పేరు అడిగితే ఏడుస్తూ కావ్యను ముందుకు తోసిందట, నువ్వు చెప్పమ్మా అని, ఇంటికొచ్చాక కోప్పడ్డాను, మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఏ కాలం మాటే, ఇంటరు చదివిందానివి కాదూ అని, ఆమె గ్లాసులో మజ్జిగ పోస్తూ, అబద్ధమని నాకూ తెలుసండి, కానీ ఒకవేళ నిజమైతేనో అంది, ఒకవేళ, అక్కడా అదే మాట, ఇంకో లోకానికి తలుపు తెరిచిన మనిషి, చేత్తో కాగితం మీద కూడా ఆ పేరు పెట్టడానికి తెగించలేదు, సంపాదకుడికేం తెలుసు, అతని ఇంట్లోవాళ్ళు అతన్ని పేరు పెట్టే పిలుస్తారేమో, వెళ్ళిపోవాలని ఆమెకు అనిపించిందీ నిజమే అయ్యుంటుంది, మధ్యాహ్నం అన్నాలూ నా అరుపులూ నిజమే కదా, దానికి నేనే జవాబు చెప్పుకోవాలి, ఇదిగో, ఎక్కడున్నావ్ అని కాకుండా వాణీ అని పిలిస్తే నా ఆయుష్షేం తరిగిపోదు, ఆమెదీ తరగదు, పంటు మళ్ళీ అటు తిరిగింది, దుర్గాభవాని లేదు, అచ్చాయమ్మ లేదు, చిట్టిబాబు లేడు, ఆ కుక్క అసలే లేదు, లేనివాళ్ళ ఆయుష్షుకు భయమేముంది, అందుకే అందరికీ పేర్లు పెట్టేసింది, ఆ కథ మొత్తంలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.